పాపికొండల బోటు ఎక్కే ముందు: పేరంటపల్లి జలపాతం దాకా మనకన్నా ముందు ఎవరెవరు వెళ్లారు?

ఈ వారం ఎపిసోడ్ పాపికొండల బోటు ట్రిప్ గురించి. అయితే ఇది ట్రావెల్ వ్లాగ్ కాదండి. ప్యాకేజీ ఎంత, టిఫిన్‌లో ఏం పెడతారు, బ్యాంబూ చికెన్ ఎక్కడ బాగుంటుంది, ఇవన్నీ చెప్పేవాళ్లు యూట్యూబ్‌లో కావలసినంత మంది ఉన్నారు. నేను చెప్పబోయేది ఆ బోటు నడిచే దారి కథ. అందులో ఒక ముక్క మన తార్నాక పక్కనే, ఓయూ క్యాంపస్‌లో ఉంది. అది మధ్యలో వస్తుంది, కాబట్టి స్కిప్ చేయకండి.

వెళ్లనివాళ్ల కోసం ముందుగా రూట్ చెప్పేస్తా. మ్యాప్ చూడండి. రెండు వైపుల నుంచి వెళ్లొచ్చు. రాజమండ్రి నుంచి వెళ్లేవాళ్లు దేవీపట్నం దగ్గర గండిపోచమ్మ గుడి వైపు బోటు ఎక్కి ఎగువకి వెళ్తారు. హైదరాబాద్ నుంచి మనవాళ్లు ఎక్కువగా భద్రాచలం వెళ్లి, అక్కడి నుంచి వి.ఆర్.పురం మండలం పోచవరం దాకా బండి మీద వెళ్లి, బోటు ఎక్కి దిగువకి వస్తారు. ఎటు నుంచి వెళ్లినా అందరూ దిగే ఊరు ఒకటుంది. పేరంటపల్లి. పేరంటాలపల్లి అని కూడా అంటారు. ఒక పాత శివాలయం, వెనక కొండ మీంచి రాళ్ల మధ్యగా దిగే జలపాతం, గట్టు మీద వెదురు బొమ్మలు పెట్టుకుని కూర్చునే కొండరెడ్డి ఆడవాళ్లు. కుంటాల, బొగత చూసినవాళ్లకి ఈ జలపాతం చిన్నగానే అనిపిస్తుంది. వానాకాలం తర్వాత వెళ్తే నీళ్లు బాగుంటాయి, ఎండాకాలం సన్నటి ధార. కానీ చుట్టూ ఉన్న అడవి, కింద ఉన్న నది, ఆ చల్లదనం, దానికి మాత్రం ఎవరైనా పడిపోతారు.

రీల్స్ కింద క్యాప్షన్లు చూశారా? ‘మనిషి తాకని ప్రకృతి’, ‘అన్‌టచ్‌డ్ నేచర్’. నాకు అభ్యంతరం అక్కడే. గోదావరి మీద ఈ ముక్క గత నూట అరవై ఏళ్లుగా మనుషులు తాకుతూనే ఉన్నారు. ఇంగ్లండ్ మిల్లుల కోసం ఒకసారి, కలప కోసం ఒకసారి, సినిమా కోసం, టూరిజం కోసం, ఇప్పుడు డ్యామ్ కోసం. ప్రతిసారీ వచ్చినవాళ్లు నీళ్ల మీదే వచ్చారు. ప్రతిసారీ జలపాతం పక్కన ఉండే మనిషి బతుకు ఎంతో కొంత మారింది. ఈ ఎపిసోడ్‌లో ఆ వరుస చూద్దాం.

ముందు ఒక బేసిక్ విషయం. అక్కడ నదే ఎందుకు రోడ్డు అయింది? రాజమండ్రి దగ్గర గోదావరి రైలు వంతెన దాదాపు 2.7 కిలోమీటర్ల పొడవుంటుంది. అంటే నది అంత వెడల్పు. అదే నది పాపికొండల మధ్యకి వచ్చేసరికి కొన్ని వందల మీటర్లకి కుంచించుకుపోతుంది. అంత నీళ్లూ ఆ సందులోంచే పోవాలి కదా, కాబట్టి లోతు పెరుగుతుంది, వరదలప్పుడు సుడులు తిరుగుతాయి. రెండు పక్కలా కొండలు నిటారుగా నీళ్లలోకి దిగుతాయి. గట్టు వెంబడి రోడ్డు వేయడానికి చోటే లేదు. సంతకి వెళ్లాలన్నా, ఆసుపత్రికి వెళ్లాలన్నా, పెళ్లికి వెళ్లాలన్నా పడవే. మనం సరదాకి ఎక్కే బోటు అక్కడివాళ్లకి ఆర్టీసీ బస్సు లాంటిది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఇప్పుడు 1850ల్లోకి వెళ్దాం. కాటన్ దొర అంటే మనకి ధవళేశ్వరం ఆనకట్ట గుర్తొస్తుంది. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశారు. కానీ సర్ ఆర్థర్ కాటన్ అక్కడితో ఆగలేదు. ఆయనకి కాలువల మీద, పడవల మీద ఎంత నమ్మకం అంటే, దేశానికి రైళ్ల కన్నా నీటి దారులే చవక అని జీవితాంతం వాదించాడు. ఆయన కన్ను ఎగువ గోదావరి మీద పడింది. కారణం పత్తి. అవును, కాటన్ గారికి కాటన్ కావాలి. ఈ జోకు నేను వేయకపోతే మీరే కామెంట్‌లో వేస్తారు.

బేరార్, అంటే ఇప్పటి మహారాష్ట్రలో అమరావతి, అకోలా వైపు, మంచి పత్తి పండే నేల. అది నిజాంది. 1853లో సైన్యం ఖర్చుల బాకీ పేరు చెప్పి ఈస్టిండియా కంపెనీ దాన్ని తన చేతిలోకి తీసుకుంది. మరుసటి ఏడాది నాగపూర్ కూడా కలిపేసుకుంది. పత్తి చేతిలో ఉంది, ఓడరేవుకి ఎలా తీసుకెళ్లాలి? ఎడ్లబండ్ల మీద వారాల తరబడి పడుతుంది. నాగపూర్ వైపు నుంచి వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా పడవల్లో కాకినాడ తీరానికి దించేస్తే? అదీ ప్లాన్. సర్వే చేసిన ఇంజనీరు పేరు హేగ్. నది మధ్యలో రాతి పట్టీలు ఉన్నాయి, వాటిని దాటలేక పడవలు ఆగిపోతాయి. వాటిని వాళ్లు ‘బ్యారియర్లు’ అన్నారు. మొదటిది భద్రాచలానికి పైన దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇంచంపల్లి దగ్గర, మూడోది ఇంకా పైన ప్రాణహిత మీద. ఒక్కో చోట ఆనకట్ట కట్టి, పక్క నుంచి కాలువ తవ్వి, లాకులు పెట్టి పడవల్ని మెట్లెక్కించినట్టు ఎక్కించాలి.

దీనికి రాజకీయం కూడా తోడైంది. 1860లో నిజాంతో బ్రిటిష్ వాళ్లు ఒక ఒప్పందం చేసుకున్నారు. రాయచూర్ దోఆబ్ లాంటి ప్రాంతాలు నిజాంకి తిరిగి ఇచ్చారు, పాత బాకీ కొట్టేశారు. బదులుగా గోదావరి ఎడమ ఒడ్డు, అంటే భద్రాచలం, రేకపల్లి వైపు భూములు తీసుకున్నారు. నది మీద సరుకుకి సుంకం ఉండకూడదు అని కూడా రాయించుకున్నారు. ఒక నదిలో పడవలు ఫ్రీగా నడవడం కోసం సరిహద్దులే జరిపారన్నమాట.

మరుసటి ఏడాది, 1861లో, అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అక్కడి నుంచి పత్తి రావడం ఆగిపోయింది. లాంకషైర్‌లో మిల్లులు మూతపడ్డాయి, కార్మికులు పస్తులున్నారు. ఇండియా పత్తి ధర ఆకాశానికి వెళ్లింది. ఇంక ఈ ప్రాజెక్టుకి తిరుగులేదు అనుకున్నారు. కానీ అక్కడ పని చేయడం అంత ఈజీ కాదు. ఎండాకాలంలోనే రాయి మీద పని చేయగలరు, వానొస్తే అంతా నీళ్లపాలు. అడవిలో జ్వరాలు, దాంతో కూలీలు దొరకరు, దొరికినా నిలవరు. పోనీ అన్నీ కట్టినా, నదిలో పెద్ద పడవలకి సరిపడా నీళ్లు ఉండేది ఏడాదిలో కొన్ని నెలలే. ఈలోగా అమెరికాలో యుద్ధం 1865లో అయిపోయింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. పత్తి బొంబాయికి రైలెక్కి వెళ్లిపోయింది. 1871లో పనులు ఆపేశారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది బాగా తెలిసిన ఫీలింగే. మొదలుపెట్టినప్పుడు ఉన్న రిక్వైర్‌మెంట్ డెలివరీ టైముకి లేదు.

దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం ఇప్పటికీ ఉంది. భద్రాచలం వెళ్లినవాళ్లు పర్ణశాల రూట్‌లో కాస్త ఆగి చూడండి.

పడవల ప్రాజెక్టు పోయింది కానీ సరిహద్దు మిగిలింది. ఎడమ ఒడ్డు బ్రిటిష్ వాళ్లది. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో పెట్టారు, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి మార్చారు. కుడి ఒడ్డు నిజాంది. ఒకే తెగ మనుషులు, ఒకే నదికి అటూ ఇటూ, రెండు ప్రభుత్వాలు, రెండు చట్టాలు, రెండు రకాల ఫారెస్టు గార్డులు. ఎడమ ఒడ్డు కొండల్లో 1879లో రంప పితూరీ లేచింది. అడవిలో తాటికల్లు, జీలుగకల్లు గీసుకునేదానికి కూడా పన్నుకట్టమన్నారు, పైన మన్‌సబ్‌దారు దోపిడీ, కింద పోలీసుల దోపిడీ. 1922లో అల్లూరి సీతారామరాజు పోరాటం కూడా ఆ మన్యంలోనే. ఆ కథలు మీకు తెలుసు, సినిమాలున్నాయి. కుడి ఒడ్డు కథకి సినిమా లేదు. పేరంటపల్లి ఉన్నది కుడి ఒడ్డున. అప్పట్లో అది హైదరాబాద్ స్టేట్, వరంగల్ జిల్లా.

ఇక్కడే ఓయూ వస్తుంది.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆదిలాబాద్ వాళ్లకి ఈ పేరు బాగా తెలుసు, మార్లవాయి ఊళ్లో ఏటా ఆయన్ని తలచుకుంటారు. 1909లో వియన్నాలో పుట్టాడు. మానవశాస్త్రం చదివి, 1930ల్లో నాగా కొండల్లో పరిశోధన చేశాడు. 1939లో మళ్లీ ఇండియా వచ్చాడు, అంతలో రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. ఆస్ట్రియాని అప్పటికే జర్మనీ కలిపేసుకుంది కాబట్టి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంటే బ్రిటిష్ ఇండియాలో శత్రుదేశం మనిషి. నాగా కొండలకి వెళ్లనివ్వరు. హైదరాబాద్ స్టేట్ దాటకుండా ఉంటే చాలన్నారు. ఆయన ఆ ఆంక్షనే అవకాశం చేసుకున్నాడు. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి నల్లమలలో చెంచుల దగ్గరికి, ఆ తర్వాత 1941లో గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గరికి, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్లాడు. నిజాం ప్రభుత్వంలో గిరిజన వ్యవహారాల సలహాదారుగా పని చేశాడు, ఉస్మానియాలో ఆంత్రోపాలజీ ప్రొఫెసర్‌గా చెప్పాడు. 1949లో లండన్ వెళ్లాడు.

కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో లండన్‌లో అచ్చయింది. ‘రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’. బైసన్ హిల్స్ అంటే ఏంటో అనుకోకండి, అవి మన పాపికొండలే. అడవిదున్నలు తిరిగేవని బ్రిటిష్ మ్యాపుల్లో అలా రాసుకున్నారు. ఇంకో మాట. ఇక్కడ రెడ్లు అంటే మైదానంలో భూములున్న రెడ్లు కాదు. కొండరెడ్లు వేరే తెగ, మాట తెలుగే. కేంద్రం ఇప్పుడు వాళ్లని అత్యంత వెనుకబడిన ఆదివాసీ సమూహాల జాబితాలో పెట్టింది.

ఆయన రాసినదాంట్లో నన్ను పట్టుకున్నది తెగ ఆచారాలు కాదు, డబ్బు లెక్క. కొండ పైన ఉన్న రెడ్లకి, నది ఒడ్డున ఉన్న రెడ్లకి తేడా చూశాడు ఆయన. కొండ పైనవాళ్లు పోడు కొట్టుకునేవాళ్లు. చెట్లు నరికి, ఎండాక కాల్చి, ఆ బూడిదలో జొన్న లాంటి పంటలు గింజ గింజా నాటుకుంటారు. నాలుగు గుడిసెలు ఒకచోట, ఇంకో నాలుగు ఇంకోచోట. పంట అయిపోయాక జీలుగకల్లు, దుంపలు, మామిడి టెంకల పిండితో అంబలి. పేదరికమే, కానీ పొద్దున లేచి ఏం చేయాలో వాళ్లే నిర్ణయించుకుంటారు. నది ఒడ్డున ఉన్నవాళ్లకి బియ్యం, మిరపకాయ, బట్ట కాస్త తేలిగ్గా అందుతాయి. ఎందుకంటే వాళ్ల ఊరి ముందు పడవ ఆగుతుంది. ఆ పడవలో వచ్చేది కలప షావుకారు.

సిస్టమ్ ఎలా పనిచేసేదో చెప్తా. అటవీశాఖ అడవిని ముక్కలుగా చేసి వేలం వేస్తుంది. ఆ ముక్కని కూపు అంటారు. షావుకారు కూపు పాడుకుంటాడు. చెట్టు కొట్టాలి, వెదురు నరకాలి, నది దాకా లాగాలి, తెప్పలు కట్టి రాజమండ్రి దాకా నీళ్ల మీద తేలించాలి. ఇదంతా చేసేది రెడ్లు. కూలి డబ్బుగా ఇస్తే గొడవ లేదు. ముందుగానే గింజలు ఇస్తాడు, గుడ్డ ఇస్తాడు, పెళ్లి ఖర్చుకి కొంత ఇస్తాడు. ధర ఎంత వేశాడో ఆయన పుస్తకంలో ఉంటుంది, ఆ పుస్తకం చదవడం రెడ్డికి రాదు. సీజన్ చివర లెక్క చూస్తే ఇంకా బాకీయే ఉంటుంది. బాకీ తీరేదాకా వేరే షావుకారు దగ్గరికి వెళ్లకూడదు. పోడు కొట్టాల్సిన నెలలోనే కూపు పని పడుతుంది, కాబట్టి సొంత పంట ఉండదు. పంట లేదు కాబట్టి మళ్లీ గింజల అప్పు. లూప్ అర్థమైందా? ఇన్‌స్టంట్ లోన్ యాప్‌లలో ఇరుక్కున్నవాళ్లు మన ఫ్రెండ్స్‌లోనే ఉన్నారు. మొదటి లోన్ కట్టడానికి రెండోది, రెండోది కట్టడానికి మూడోది. తేడా ఏంటంటే, మనకి కనీసం స్క్రీన్ మీద అంకె కనిపిస్తుంది.

ఈ రిపోర్టులు ఆయన అల్మారాలో పెట్టుకోలేదు. 1945లోనే ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో నాలుగు నివేదికలు నిజాం ప్రభుత్వం రెవెన్యూ శాఖే అచ్చువేసింది. చెంచులు, కొండరెడ్లు, కోలాములు, గోండుల పరిస్థితి అందులో ఉంది. దాని తర్వాత 1940ల చివర్లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్లు వచ్చాయి. ఆదివాసీ భూమి బయటివాళ్ల చేతికి పోకుండా అడ్డం పెట్టే ఆలోచన హైదరాబాద్ వైపు అక్కడ పాతుకుంది. మద్రాసు వైపు 1917 నుంచే ఒక చట్టం ఉంది. రెండూ కలిసే దారిలో 1959 రెగ్యులేషన్, దానికి 1970లో గట్టి సవరణ. మీరు న్యూస్‌లో వినే వన్ ఆఫ్ సెవెంటీ అదే. ఏజెన్సీలో రిసార్టు కోసం ప్లాట్ కొంటానని ఎవరైనా అంటే, ఈ చట్టం ముందు అడ్డొస్తుంది.

హైమన్‌డార్ఫ్‌ని దేవుణ్ని చేయాల్సిన పని లేదని నా అభిప్రాయం. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి పడింది. ఆయన్ని అక్కడికి పంపడంలో ఆ భయం ఉంది. అంటే భీం తుపాకీ పట్టకపోతే ప్రొఫెసర్ నోట్‌బుక్‌కి అంత విలువ వచ్చేది కాదు. ఇంకోటి, కొండరెడ్ల గురించి మనకి తెలిసినదంతా ఇంగ్లీషులో, ఒక ఆస్ట్రియన్ రాసిన పుస్తకంలోంచి రావడం తెలుగువాళ్లుగా మనకి కొంచెం ఇబ్బందిగా ఉండాలి. వాళ్లు మాట్లాడేది తెలుగే కదా, అడగడానికి మనకి దుబాసీ కూడా అక్కర్లేదు.

పేరంటపల్లి శివాలయం దగ్గరికి వద్దాం. దాన్ని కట్టించింది బాలానంద స్వామి. రాజమండ్రి వైపు నుంచి పడవలో వచ్చి ఈ ఊరి దగ్గర ఉండిపోయాడు. ఆశ్రమం పేరు శ్రీరామకృష్ణ మునివాటం. రెడ్లలో ఉండి పిల్లలకి చదువు, జబ్బు చేసినవాళ్లకి మందు ఇచ్చాడని చెప్పుకుంటారు. షావుకారు వచ్చిన పడవలోనే ఒక సాధువు కూడా వచ్చాడన్నమాట. గుడి వెనకే జలపాతం ఉండటంతో, బోట్లు ఆగే స్టాప్‌గా ఆ ఊరు తర్వాత మారడానికి ఈ గుడే కారణం.

స్వాతంత్ర్యం వచ్చాక కలప, వెదురు వ్యాపారం ఆగలేదు, రూపం మారింది. రాజమండ్రి పేపర్ మిల్లుకి వెదురు కావాలి. మన ముందు తరం చదివిన నోట్‌బుక్కుల్లో ఈ కొండల వెదురు కొంత ఉండే ఉంటుంది.

ఆ తర్వాత సినిమా. 1973లో బాపు ‘అందాల రాముడు’ తీశాడు, రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా పడవ మీదే కథ. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’, అదే రూట్. నాకు రెండూ ఇష్టమే. ‘గోదావరి’ చూసి బ్యాగ్ సర్దుకున్నవాళ్లు నా బ్యాచ్‌లోనే చాలామంది. రెండు సినిమాల్లోనూ మనం చూసేది ప్రధానంగా పడవలో ఉన్నవాళ్లనే. గట్టు మీద ఉన్నవాళ్లు వెనక సీనరీలా ఉంటారు. తర్వాత మన రీల్స్ కూడా అదే ఫ్రేమ్ పట్టుకున్నాయి.

ఇప్పుడు కష్టమైన భాగం. 2018 మే 15. కొండమొదలు వైపు నుంచి వస్తున్న లాంచీ ఒకటి మంటూరు దగ్గర ఈదురుగాలికి తిరగబడి మునిగిపోయింది. ఇరవై మంది దాకా చనిపోయారు. టూరిస్టులు కాదు. పనుల మీద వెళ్లొస్తున్న ఏజెన్సీ జనం. ముందు చెప్పాను కదా, వాళ్లకి అది బస్సు. ఈ ప్రమాదం మీలో ఎంతమందికి గుర్తుంది?

2019 సెప్టెంబర్ 15 మాత్రం అందరికీ గుర్తుంటుంది. ఆదివారం. గోదావరిలో దాదాపు 5 లక్షల క్యూసెక్కుల ప్రవాహం. అంత నీటిలో పర్యాటకులతో ‘రాయల్ వశిష్ఠ’ అనే బోటు గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి పాపికొండలకి బయలుదేరింది. కచ్చులూరు దగ్గర నది ఒరుసుకుని మలుపు తిరిగే చోట, సుడుల్లో అదుపు తప్పి మునిగింది. అందులో ఉన్నది 77 మంది. 26 మంది బతికారు. చనిపోయినవాళ్లలో హైదరాబాద్ వాళ్లు, వరంగల్ కడిపికొండ నుంచి కలిసి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. బోటుని నది అడుగు నుంచి బయటకి తీయడానికి అక్టోబర్ 22 దాకా పట్టింది, కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో లాగింది.

ఆ 26 మంది ఎలా బతికారు? ప్రమాదం చూసిన చుట్టుపక్కల గిరిజన ఊళ్లవాళ్లు తమ పడవలేసుకుని వెళ్లి లాక్కొచ్చారు. ఎన్డీఆర్ఎఫ్ వచ్చేసరికి బతికించగలిగినవాళ్లని వాళ్లు బతికించేశారు. ఆ నీళ్లు ఎటు తోస్తాయో, ఎక్కడ సుడి ఉంటుందో వాళ్లకి తెలుసు. వరదలో ఆ రోజు బోటు వదలాలా వద్దా అని నిర్ణయించే చోట మాత్రం వాళ్లని అడిగే పద్ధతి లేదు. ఆ తర్వాత టూరిస్టు బోట్లు చాలా కాలం ఆపేశారు, కంట్రోల్ రూములు పెట్టారు, నీటిమట్టం చూసి అనుమతి ఇస్తున్నారు. కాబట్టి మీ ట్రిప్ చివరి నిమిషంలో క్యాన్సిల్ అయితే ఏజెంటు మీద అరవకండి, ప్లీజ్.

చివరి పడవ పోలవరం. ఈ ఆలోచన కొత్తది కాదు. 1940ల్లోనే మద్రాసు ప్రెసిడెన్సీ ఇంజనీర్లు అక్కడ ‘రామపాద సాగర్’ పేరుతో డ్యామ్ ప్లాన్ చేశారు. అంటే హైమన్‌డార్ఫ్ కుడి ఒడ్డున రెడ్లతో కూర్చుని నోట్స్ రాసుకుంటున్న రోజుల్లోనే, కింద ఇంజనీర్లు ఆ ఊళ్లు ఉన్న లోయని రిజర్వాయర్‌గా లెక్క కడుతున్నారు. 1980ల మొదట్లో అంజయ్య గారు శంకుస్థాపన చేశారు. 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. పూర్తి నీటిమట్టం 150 అడుగులు. గోదావరి జిల్లాల రైతులకి, విశాఖకి, కృష్ణా డెల్టాకి ఆ నీళ్లు కావాలి, అది నిజమైన అవసరం. దాన్ని తేలిగ్గా తీసిపారేసే ఎపిసోడ్ కాదిది. కానీ డ్యామ్ పాపికొండల దిగువన ఉంది, పాపికొండల మధ్య నది అంతా దాని వెనక నీటిలోకే వస్తుంది. నిర్వాసితులు లక్షకి పైగా కుటుంబాలు, అందులో సగానికి తక్కువ కాకుండా ఆదివాసీలు.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు, ముంపు ప్రాంతం ఒకే రాష్ట్రంలో ఉండాలని ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చారు. పేరంటపల్లి ఉన్న వేలేరుపాడు అందులో ఒకటి. ఈ ఊరి అడ్రస్ ఒకసారి వరుసగా చూడండి. హైదరాబాద్ స్టేట్ వరంగల్ జిల్లా, 1953 తర్వాత ఖమ్మం జిల్లా, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడేనాటికే మళ్లీ ఆంధ్ర వైపు పశ్చిమ గోదావరి, 2022లో ఏలూరు జిల్లా. ఊరు కదల్లేదు, ఆధార్ కార్డు మీద లైన్లే మారాయి. 1860లో పత్తి పడవల కోసం సరిహద్దు జరిపినట్టే, 2014లో డ్యామ్ కోసం సరిహద్దు జరిపారు.

ఊరు కూడా కదిలే రోజు వచ్చింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. వేలేరుపాడు, కుక్కునూరు, వి.ఆర్.పురం ఊళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, జనం కొండలెక్కి టార్పాలిన్ల కింద గడిపారు. పునరావాస కాలనీల్లో కాంక్రీట్ ఇల్లు వస్తుంది, కరెంటు వస్తుంది, పక్కనే రోడ్డు ఉంటుంది. ఇవన్నీ వాళ్లు అడిగినవే, అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ జీలుగ చెట్టు రాదు, వెదురు రాదు, చేపలు పట్టే రేవు రాదు. అక్కడ ప్రతిరోజూ ఏదో ఒకటి కొనుక్కోవాలి. కొనడానికి కూలికి వెళ్లాలి. కొండ మీద రెడ్డికీ ఒడ్డు మీద రెడ్డికీ మధ్య 1941లో ఆయన చూసిన తేడా ఉంది కదా, దానికి ఇది మూడో మెట్టు.

అయితే ట్రిప్‌కి వెళ్లాలా వద్దా అని అడుగుతారు మీరు. వెళ్లండి. కార్తీకం నుంచి మాఘం మధ్య వెళ్తే నీళ్లు శాంతంగా ఉంటాయి, జలపాతంలోనూ ధార ఉంటుంది. లైఫ్ జాకెట్ ఫొటో కోసం తీసేయకండి. పేరంటపల్లిలో బోటు ఆపే టైము తక్కువ, సగం జనం సెల్ఫీల్లోనే అయిపోతుంది. జలపాతం చూసి వచ్చేటప్పుడు గట్టు మీద వెదురు బుట్టలు, పూలసజ్జలు అమ్మేవాళ్ల దగ్గర రెండు నిమిషాలు నిలబడి, ఏ ఊరు, కాలనీకి వెళ్లిపోయారా ఇంకా ఇక్కడే ఉన్నారా అని అడగండి. తెలుగులోనే చెప్తారు.

ఫోన్‌లో చదువుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట. హైమన్‌డార్ఫ్ 1970ల్లో మళ్లీ ఈ ఊళ్లన్నీ తిరిగి, 1982లో ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ అని ఇంకో పుస్తకం రాశాడు. కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ దాన్ని ఆన్‌లైన్‌లో ఫ్రీగా పెట్టింది. ఆయన తీసిన వేల ఫొటోలు లండన్ సోయాస్ డిజిటల్ కలెక్షన్‌లో ఉన్నాయి. సెర్చ్‌లో రెడ్డి అని కొట్టి చూడండి. బెట్టీ 1987లో హైదరాబాద్‌లోనే చనిపోయింది, సమాధి మార్లవాయిలో ఉంది. ఆయన 1995లో లండన్‌లో పోయాడు, అస్థికలు తర్వాత అదే ఊరికి తెచ్చారు. వచ్చే ఎపిసోడ్ మార్లవాయి నుంచే.